ఊకొట్టే బల్లి

బల్లి పలికితే వేలితో నేల తట్టి "సత్యం, సత్యం" అనుకునే అలవాటు పైడమ్మకి అమ్మమ్మ దగ్గర్నుంచి వచ్చింది. మనవరాలికి తొమ్మిది వందల బల్లులున్న గదిలో ఉద్యోగం దొరుకుతుందని ఆ ముసలమ్మ కలలో కూడా అనుకుని ఉండదు. చేరిన కొత్తలో పైడమ్మ రోజంతా నేల తట్టి తట్టి, వేళ్ళు నొప్పిపుట్టి, చివరికి ఒక ఉపాయం ఆలోచించింది. తను మాట్లాడుతుంటే చక్కగా తలూపి టక్‌టక్‌మన్న బల్లి డబ్బా మూత మీద పసుపు బొట్టు పెట్టేది. ఊపనివాటికి పెట్టేది కాదు. బొట్టువి తెలివైనవి, బొట్టు లేనివి మొద్దులు. అదీ ఆవిడ పరీక్ష.

విశాఖ దాటాక ఆనందపురం రోడ్డు మీదుంది ఆ ప్రయోగశాల. దానికి పెద్ద డాక్టరు సువర్చల. ఆ బొట్లు చూసినరోజునే ఆమె తుడిచెయ్యమని ఉంటే ఈ కథ లేదు. తుడిచెయ్యమనలేదు. ఓ వారం రోజులు కెమెరా పెట్టి కొలిచి చూస్తే, మనిషి గొంతుకి బొట్టు బల్లులు మిగతావాటికన్నా మూడు రెట్లు ఎక్కువ స్పందిస్తున్నాయి. అంతకంటే ఏం కావాలి? వాటినే ఏరి జతకట్టించింది. వాటి పిల్లల్లో మళ్ళీ బొట్టువాటినే ఏరింది. రిపోర్టులో పసుపు బొట్టు అని రాస్తే నవ్వుతారని "సమ్మతి స్పందన" అని ఒక బరువైన పేరు పెట్టింది. అంత బరువైన పేరు పెట్టాక ఇక దాన్ని ఎవరూ అనుమానించలేదు, పెట్టిన మనిషితో సహా.

ఆ బల్లులకి కంపెనీ పెట్టిన పేరు 'ఊకొట్టు'. గోడ మీది బల్లికి మన మాట వట్టి గాలి చప్పుడు. సువర్చల గుడ్డులో ఉండగానే జన్యువు మార్చి, మనిషి గొంతు పట్టుకునేలా దాని చెవిని కొత్తగా కట్టింది. మూడు నెలలకే ఈడుకొచ్చేలా చేసింది గనక రెండేళ్ళలో ఏడు తరాలు గడిచిపోయాయి. ఆ ఏడో తరాన్నే ఏడాదిగా అమ్ముతున్నారు. దాని ముందు కూచుని గోడు చెప్పుకుంటే, అరచేతిలో ఇమిడే ఆ లేత పసుపు ప్రాణి అవునవునని తలూపుతూ మధ్యమధ్య టక్‌మని ఊకొడుతుంది. భార్య పోయినవాళ్ళు కొనుక్కున్నారు. హాస్టలు పిల్లలు కొనుక్కున్నారు. కోర్టు వాయిదాకి వెళ్ళేముందు దానిచేత ఒకసారి అవుననిపించుకుని బయల్దేరేవాళ్ళు కూడా కొనుక్కున్నారు. అలా మూడువేల ఇళ్ళకి చేరింది. ఇళ్ళలో మనుషులు ఒకరి మాట ఒకరు వినడం మానేసి చాలా కాలమైంది గనక గిరాకీకి లోటు లేదు.

ఆ మూడువేల ఇళ్ళలో సువర్చల ఇల్లూ ఒకటి. ఆమె భర్త త్రినాథరావు హైస్కూల్లో డ్రాయింగు మాస్టరు. రెండేళ్ళ కిందట బోర్డు మీద గీత గీస్తుండగా గది మొత్తం గిర్రున తిరిగి పడిపోయాడు. చెవి లోపలి జబ్బన్నారు. మందులతో తగ్గుతుంది, మళ్ళీ వస్తుందన్నారు. తగ్గింది తక్కువ, వచ్చింది ఎక్కువ. అప్పట్నుంచి అతనికి ఉద్యోగం లేదు, మెట్లు దిగడం లేదు. రెండో అంతస్తులో రెండు గదుల వాటా, ఒక కిటికీ, ఒక మంచం, గాజుపెట్టెలో బల్లి. దానికి హెడ్మాస్టరని పేరు పెట్టుకున్నాడు. "మా హెడ్మాస్టరూ ఇంతేనోయ్. ఎవడేం చెప్పినా అవునవునని తలూపేవాడు, ఒక్క పనీ చేసేవాడు కాదు" అనేవాడు. భార్యని ఓయ్ అని పిలవడం పెళ్ళైన కొత్తలో మొదలైన సరదా.

ఆమె పొద్దున్న ఎనిమిదింటికి వెళ్తే సాయంత్రం ఏడున్నర దాటాకే రావడం. ఆ మధ్య గంటలన్నీ అతను బల్లితో మాట్లాడతాడు. ఆమె ఇల్లు చేరేసరికి అతని దగ్గర మాటలు అయిపోయి ఉండేవి, ఆమె దగ్గర ఓపిక అయిపోయి ఉండేది. ఇద్దరికీ సరిపోయిందిలే అనుకునేది సువర్చల. సరిపోలేదని తెలుసు. కానీ అలిసిపోయిన మనిషికి అలా అనుకోవడమే సుఖం.

ఒక ఆదివారం పొద్దున అతనికి మళ్ళీ తిప్పు వచ్చింది. అలా వచ్చినప్పుడు అతను మంచం దిగి నేలమీద పడుకుని, చెంప గచ్చుకి ఆనించి, ఏదో ఒక్కచోట చూపు నిలుపుతాడు. చూపు జారిందంటే వాంతే. సువర్చల చెంబూ తువ్వాలూ పట్టుకుని పక్కన కూచుని, "అయిపోతుందండీ, ఇంకొంచెం, అయిపోతుంది" అంటూ వీపు రాస్తోంది.

"ఓయ్" అన్నాడతను నెమ్మదిగా. "హెడ్మాస్టర్ని చూడు."

గాజుపెట్టె పొట్టి బల్ల మీద, అతని మొహానికి సమంగా ఉంది. బల్లి ఒక మూలకి చేరి, గడ్డం ఇసకలో గుచ్చి, నాలుగు కాళ్ళూ వెడల్పుగా చాపి నేలని కరుచుకుని ఉంది.

"నేనెలా పడుకున్నానో వాడూ అలాగే ఉన్నాడు. కళ్ళు చూడు, జారిపోతున్నాయి. మళ్ళీ ఈడ్చి తెచ్చుకుంటున్నాడు. వాడు అవుననడం లేదోయ్. వాడికీ తిరుగుతోంది."

"మీకు తిరుగుతుంటే లోకమంతా తిరుగుతున్నట్టే ఉంటుంది" అంది సువర్చల. నవ్వించాలనే అంది. అతను నవ్వలేదు. బల్లి కళ్ళకేసి చూశాక ఆమెకీ నవ్వు రాలేదు.

మర్నాడు ల్యాబులో, కేకుల మీద క్రీము పూసేవాళ్ళు వాడే తిరుగుడు పళ్ళెం ఒకటి తెప్పించింది. వరండా గోడ మీద మామూలు బల్లినొకదాన్ని పైడమ్మ ఒడుపుగా పట్టుకొచ్చింది. దాన్ని పళ్ళెం మీద పెట్టి మెల్లగా తిప్పితే, పళ్ళెం ఎటు తిరిగినా అది తలని ఎదురు తిప్పుకుని స్థిమితంగా కూచుంది. ఊకొట్టుని పెడితే పావు చుట్టు తిరిగేసరికి పక్కకి ఒరిగి వెల్లకిలా పడింది. సువర్చల పళ్ళెం ఆపి, దాన్ని సరిగ్గా కూచోబెట్టింది. కాసేపటికి దాని కళ్ళు కుదురుకున్నాయి.

"ఏటైందమ్మా దీనికి?" అంది పైడమ్మ.

కెమెరా తెరమీద పెద్దగా కనపడుతున్న దాని కన్ను ఒక్కసారి కిందికి జారి, మళ్ళీ పైకి ఎగబాకింది. వెంటనే తల లేచి పడింది, లేచి పడింది.

"బాగానే ఉందా అమ్మా? ఊపుతంది కదా."

మళ్ళీ జారింది. సువర్చల బల్ల మీది కాగితం లాక్కుని, 'మాట్లాడకు' అని రాసి చూపించింది. పైడమ్మ కూడబలుక్కుని చదివి నోరు మూసుకుంది. గది నిశ్శబ్దమైంది. కన్ను నిలిచింది. 'ఇప్పుడు మాట్లాడు' అని రాసింది. "ఏటి మాటాడమంతారు?" అంది పైడమ్మ. కన్ను జారింది. సాయంత్రం దాకా అరవై బల్లులతో అదే పని. ఎంత బాగా తలూపి బొట్టు తెచ్చుకున్న బల్లి అయితే దాని కన్ను అంతగా జారింది.

చెవి లోపలి బొమ్మలు తీయించి తరాలవారీగా పక్కపక్కన పెట్టుకుంటే అంతా తేటతెల్లమైంది. వినే అరకీ, ఒంటి తూకం చూసే అరకీ మధ్య ఒక సన్నటి గోడ ఉండాలి. మొదటి తరంలో ఉంది. మూడో తరంలో ఉల్లిపొరలా ఉంది. ఏడో తరంలో లేదు. మనిషి మాట్లాడితే ఆ గొంతు సరాసరి తూకం అరలోకి దూరి కుదిపేస్తోంది. దానికి లోకం తిరుగుతుంది. తిరగని చోటేదైనా ఉందేమోనని తల పైకీ కిందికీ వెతుక్కుంటుంది. మూడువేల ఇళ్ళలో జనం ఎంత ప్రేమగా మాట్లాడితే దానికి లోకం అంత ఎక్కువగా తిరుగుతోంది.

సువర్చల పైడమ్మని వరండాలోకి తీసుకెళ్ళి, తలుపు మూసి, తెలిసేలా చెప్పింది. పైడమ్మ మెట్టు మీద కూలబడిపోయింది.

"దానికి సుక్కలు కనపడతంటే నాను సత్తెం, సత్తెం అనుకుంటా బొట్టెట్టినానమ్మా. ఎక్కువ బాధపడేదాన్నే ఏరినాను. మంచిదనుకుని ఏరినాను."

"నువ్వు ఏరావు. జతకట్టించింది నేను. ఆరోగ్యంగా ఉన్నాయని సంతకాలు పెట్టింది నేను. నీకు తెలీదు పైడమ్మా. నాకు తెలియాలి."

కంపెనీ యజమాని వీరభద్రం చెడ్డవాడైతే ఆమె పని సులువయ్యేది. పోట్లాడి బయటికొచ్చేసేది. అతను అంతా విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"చచ్చిపోతున్నాయా డాక్టరు గారూ?"

"లేదు. ఏడెనిమిదేళ్ళు బతుకుతాయి."

"తిండి తింటున్నాయా?"

"తింటున్నాయి."

"మరింకేం?"

"ఏడెనిమిదేళ్ళూ వాటికి కళ్ళు తిరుగుతూనే ఉంటాయి."

వీరభద్రం కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "ఆదివారం వస్తే కోడిని కోసుకు తింటాం. దాన్ని ఎలా ఉన్నావని ఎవరూ అడగరు. ఇది ఒక ఒంటరి మనిషికి తోడుంటోంది. మా అమ్మ రోజూ రెండు పూటలా దానికి తన చిన్నప్పటి సంగతులు చెప్తుంది. త్రినాథరావు గారి మొహంలో కళ వచ్చిందని మీరే అన్నారు కదా. ఇప్పుడు ఆ తోడు లాక్కుంటారా?"

"కోడిని తినడానికే పెంచుతున్నామని మనకి తెలుసు. దీన్ని ముద్దు చేస్తున్నామనుకుంటూ గింగిరాలు తిప్పుతున్నాం. మీ అమ్మగారికి ఈ సంగతి తెలిస్తే మాట్లాడతారా?"

"అందుకే తెలియకూడదు" అన్నాడు వీరభద్రం. "వచ్చే విడతకి ఆ గోడ మళ్ళీ కట్టెయ్యండి."

"గోడ కడితే మన మాట వినదు, తలూపదు. మామూలు బల్లి అవుతుంది. మామూలు బల్లి ప్రతి ఇంట్లో ట్యూబులైటు వెనకాల ఉంది, మన దగ్గర కొనక్కర్లేదు."

పొదిగే గదిలో ఆరువందల నలభై గుడ్లున్నాయి. పది రోజుల్లో పిల్లలవుతాయి. ఎవరెవరికి పంపాలో పేర్లు కూడా రాసి ఉన్నాయి. ఆరోగ్య పత్రం మీద సువర్చల సంతకం లేకుండా ఒక్క డబ్బా గేటు దాటదు. "ఈ ఒక్క విడతకి పెట్టెయ్యండి. తర్వాత నిదానంగా ఆలోచిద్దాం" అన్నాడు వీరభద్రం. ఆమె పెడతాననలేదు, పెట్టననలేదు. ఆ 'తర్వాత' అనే మాట ఆమెకి పరుపులా మెత్తగా తగిలింది. చాలా అలిసిపోయి ఉంది.

ఇంట్లోనూ చెప్పలేదు. చెప్పాలనుకుంటూనే అన్నం వడ్డించేది, చెప్పాలనుకుంటూనే పక్క దులిపేది. తిప్పు సంగతి ల్యాబులో చూశావా అని అతను అడిగితే, "చూస్తున్నాం" అంది. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. ఈలోగా త్రినాథరావు బల్లితో మాట్లాడటం పెంచేశాడు. ఇద్దరిదీ ఒకే రోగమని తెలిశాక దానిమీద ప్రేమ రెట్టింపయింది. "భయపడకురా హెడ్మాస్టరూ. నాకూ ఇంతే. వస్తుంది, పోతుంది. నేనున్నాను కదా" అని గాజుకి మొహం ఆనించి ధైర్యం చెప్పేవాడు. అది తల ఎగరేసి ఎగరేసి ఊపేది. సువర్చల గుమ్మంలో చెప్పులు విప్పుతూ వినేది. ఒక్క మాటంటే చాలు, ఆగిపోతుంది. కానీ ఆ మాట అనేశాక ఈ మనిషి పొద్దున్నించి సాయంత్రం దాకా ఎవరితో మాట్లాడతాడు? తన మీద తనకే అసహ్యం వేసింది. అసహ్యం వేసినా నోరు పెగల్లేదు. తొమ్మిది రోజులు అలా గడిచాయి.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం పైడమ్మ ఆమె గది తలుపు తట్టి, నోటితో ఏమీ చెప్పకుండా రమ్మని సైగ చేసింది. బల్లుల గదుల్లోకి వెళ్తే ఆవిడ ఈమధ్య మాట్లాడటం లేదు. పొదిగే గదిలో ఒక గుడ్డు వెనక దీపం పెట్టి చూపించింది. పెంకు లోపల వేలి గోరంత నీడ ముడుచుకుని ఉంది. పైడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చిన్నగా దగ్గింది. లోపలి నీడ తల ఎగరేసింది. రెండుసార్లు, మూడుసార్లు.

సువర్చలకి ఇక ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు. వరండాలోకొచ్చాక పైడమ్మే ముందు మాట్లాడింది.

"బల్లిని సంపితే పాపమంతారమ్మా."

"అవును, పాపమే. గుడ్లని చల్లపెట్టెలో పెట్టి మెల్లగా చల్లబరిస్తే లోపలే నిద్రపోతాయి. నేను చేసుకుంటాను. నువ్వు ఇంటికెళ్ళిపో."

"బొట్టెట్టింది నాను. నానుంతాను."

ముప్ఫై రెండు పళ్ళేలు. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని ఒక్కొక్కటే మోశారు. చెప్పులు విప్పేసి నడిచారు. మొత్తం పని అయ్యేదాకా ఒకరితో ఒకరు ఒక్క మాట మాట్లాడలేదు. చివరి పళ్ళెం లోపల పెట్టి తలుపు వేశాక పైడమ్మ నేలమీద వేలితో తట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆ తర్వాత సువర్చల కూచుని మూడువేల ఇళ్ళకీ ఒక ఉత్తరం రాసింది. పెద్ద మాటలేమీ వాడలేదు. 'అది తలూపడం అవుననడం కాదు. మన గొంతు వింటే దానికి కళ్ళు తిరుగుతాయి. తప్పు నాది. దయచేసి దాని ఎదట మాట్లాడకండి. పక్క గదిలోంచి కూడా వినగలదు, నేనే అలా చేశాను. నిశ్శబ్దంగా ఉంటే దానికి ఏ బాధా ఉండదు.' ఇక జతకట్టించడం ఆపేస్తున్నట్టు ఇంకో కాగితం రాసి, రెండూ వీరభద్రం బల్ల మీద పెట్టింది. అతను చదివాడు. అరుస్తాడనుకుంది. అరవలేదు.

"మా అమ్మకి నేను చెప్పలేను" అన్నాడు. "మీరే ఫోన్ చెయ్యండి."

చేసింది. అవతల ఆవిడ మొత్తం విన్నది. చివరికి, "మరి దానికి నా మీద కోపంగా ఉందంటావా అమ్మా?" అని అడిగింది. లేదండీ అని సువర్చల చెప్పింది.

ఇల్లు చేరేసరికి త్రినాథరావు గాజుపెట్టె దగ్గర కూచుని ఏదో చెప్తున్నాడు. ఆమె వెళ్ళి అతని నోటి మీద చెయ్యి పెట్టింది. అతను బెదిరి చూశాడు. ఆమె అతని బొమ్మల పుస్తకం తీసి, ఖాళీ కాగితం మీద ఉత్తరంలో రాసిందే మళ్ళీ రాసి అతని ఒళ్ళో పెట్టింది. అతను చదివి, పెన్సిలు తీసుకుని కింద రాశాడు.

'నీకెప్పట్నుంచి తెలుసు?'

'తొమ్మిది రోజులైంది.'

అతని పెదాలు కదిలాయి, మాట బయటికి రాలేదు. బల్లి ఇసకలో కదలకుండా ఉంది. చివరికి రాశాడు. 'నన్ను కిందికి తీసుకెళ్ళు.'

రెండేళ్ళుగా దిగని ముప్ఫై నాలుగు మెట్లు. ఒక చెయ్యి గోడకి ఆనించి, ఒక చెయ్యి ఆమె భుజం మీద వేసి, ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ దిగాడు. మధ్యలో రెండుసార్లు కూచుండిపోయాడు. వీధి చివర కిళ్ళీ బడ్డీ ముందు బెంచీ మీద కూలబడి, చెమట తుడుచుకుని, అప్పుడు నోరు విప్పాడు.

"తొమ్మిది రోజులు వాడికి ధైర్యం చెప్పాను. గంటలు గంటలు."

"విన్నాను."

"విని ఊరుకున్నావా?"

"ఊరుకున్నాను. మీకు మాట్లాడటానికి ఇంకెవరున్నారనిపించింది."

అతను తల పట్టుకున్నాడు. బస్సొకటి దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది.

"ల్యాబుకి తీసుకుపోనా? నొప్పి తెలియకుండా..." అంది సువర్చల.

"వద్దు. మన ఇంట్లోనే ఉంటాడు. ఆ ఇంట్లో ఇక మాట్లాడేదెవరు కనక? వాడికి హాయి."

ఆ మాట ఆమెకి సూటిగా తగిలింది. తగలాలనే అన్నాడు. కానీ అన్నాక అతని మొహమే మెత్తబడింది.

"రోజూ నాలుగింటికి వాణ్ణి ఏమడిగేవాణ్ణో తెలుసా ఓయ్? ఇవాళ ఆవిడ పెందలాడే వస్తుందా అని. ఏడాది పాటు రోజూ అడిగాను. రోజూ అవునని తలూపాడు. నేను నమ్మానని కాదు. ఎవరో ఒకరు అవునంటే బాగుండేది."

సువర్చలకి ఏడుపు వచ్చింది. బడ్డీ ముందు నలుగురు నిలబడి ఉన్నా ఆపుకోలేదు. అతను తన తువ్వాలు ఆమె చేతిలో పెట్టాడు.

"రేపు వస్తావా, పెందలాడే?"

వస్తానండీ అనెయ్యడం ఎంత తేలిక. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆమె దాన్ని మింగేసింది.

"రాలేను. రేపట్నుంచి ఒక్కొక్క ఇంటికీ ఫోన్ చెయ్యాలి. ఉత్తరం చదివి ఊరుకునే సంగతి కాదు ఇది. వాళ్ళు తిడతారు, ఏడుస్తారు, అన్నీ వినాలి. నెల పడుతుంది. ఎక్కువే పట్టొచ్చు."

త్రినాథరావు తువ్వాలు వెనక్కి తీసుకుని భుజాన వేసుకున్నాడు.

"సరే" అన్నాడు. "ఎంత ఆలస్యమైనా వచ్చాక నన్ను ఇక్కడికి దింపు."

దింపుతానంది. అతని చెయ్యి మళ్ళీ తన భుజం మీద వేసుకుంది. మెట్లెక్కుతూ అతను పాత స్కూలు సంగతేదో మొదలుపెట్టాడు, ఆమె వింటోంది. తలుపు దగ్గరికి రాగానే ఇద్దరూ మాట ఆపేశారు.